రాబోవు బిడ్డల పేర చందా

పత్తితీతలు కడముట్టి మిరపకోతలు ఊపందుకొను దినములలో, రైతుచేతను కూలిచేతను నాలుగు రూకలాడు అదను కనిపెట్టి, గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడి పల్లెలకు ఒకప్పుడు సైకిలు త్రొక్కువాడు వచ్చుచుండెడివాడు. రామమందిరము ఎదుటి ఖాళీస్థలములో గిరిగీసి, నడుమ గుంజ పాతి, గుంజకు మైకును రంగుకాగితపు తోరణములును కట్టి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలపై పాదము మోపకుండ ఆ గిరిలోనే తిరుగుటకు పూనుకొనెడివాడు. బిందెడు నీళ్లు తలపై కుమ్మరించుకొనుట సైకిలుమీదనే, అన్నము తినుట సైకిలుమీదనే, ఒకచేత పిడి పట్టుకొని రెండవచేత గడ్డము గీచుకొనుటయు సైకిలుమీదనే. మూడవనాటికి కన్నులు ఎఱ్ఱబారెడివి. అయిదవనాటికి పిక్కలు బిగిసి కాలాడుట కష్టమయ్యెడిది. ఊరి తల్లులు చూడలేక మజ్జిగ చెంబులు తెచ్చి అందించెడివారు. చూడవచ్చినవారు రూపాయి నోటును పిన్నీసుతో అతని చొక్కాకు గుచ్చగా, ఇచ్చినవారి పేరు ఇంటిపేరుతో సహా మైకులో వినబడెడిది. ఏడవనాటి సాయంకాలమునకు చొక్కా గుడ్డ కనబడక నోట్లే కనబడుచుండెడివి.

అది పొట్టకూటికై పడిన పాటే కావచ్చును. కాని ఒక మనిషి తనంత తానుగా శరీరమును కష్టపెట్టుచుండగా, చూచినవాని చేయి తనంత తానుగా రొంటిలోనికి పోవుట ఈ నేలకు క్రొత్తసంగతి కాదనుటకు ఆ చొక్కా చాలును. శ్రమకును దానమునకును గల ఈ చుట్టరికమే సముద్రములకావల, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రములో, కాన్సరు పరిశోధనకు ప్రాణాధారమైనది. ఏటేటా ఆగస్టు మొదటి శని ఆదివారములలో అక్కడ ఆఱువేలమందికి పైగా స్త్రీపురుషులు సైకిళ్లపై బయలుదేరుదురు. స్టర్‌బ్రిడ్జి అను ఊరినుండి కడలియొడ్డున గల ప్రావిన్స్‌టౌను వఱకు రెండు దినములు త్రొక్కువారికి దూరము సుమారు 300 కిలోమీటర్లు. ఇంత మొత్తము కూర్చెదనని ముందుగా మాట ఇచ్చి, బంధువులయొద్దను, ఇరుగుపొరుగులయొద్దను, తోడి ఉద్యోగులయొద్దను చందా పోగుచేసినవారే ఈ యాత్రలో చేరుదురు. పాన్-మాస్ చాలెంజ్ అను పేర దీనిని 1980లో మొదలుపెట్టిన బిల్లీ స్టార్ అంతకు ఆఱేండ్ల ముందు తన తల్లిని కాన్సరుచేత పోగొట్టుకొన్నవాడు. 2024లో ఒక్కయేటనే 7 కోట్ల 50 లక్షల డాలర్లు కూడినవి; మొదటినుండి కూడిన మొత్తము 100 కోట్ల డాలర్లను మించినది. ఆ ధనము బోస్టను నగరములోని డేనా-ఫార్బర్ కాన్సరు సంస్థకు చేరును. ఆ సంస్థ కథకు మొదట మన భీమవరమున పుట్టిన ఒక మహానుభావుని పాలు కలదు గనుక ఇది మనకు పరాయి కథ కాదు. అది చెప్పుటకు ముందు, ఈ వ్యాధి మన పల్లెలోని ఇంట ఎట్లు అడుగుపెట్టునో చెప్పవలసియున్నది.

పిల్లలకు వచ్చు కాన్సర్లలో రక్తకాన్సరు తరువాతి స్థానము తలలోని గడ్డలది. అయిదాఱేండ్ల పిల్లవాడు తెల్లవారి మంచము దిగగానే వాంతి చేసికొనును; చేసికొన్న తరువాత తేరుకొని, చద్దన్నము తిని, సంచి తగిలించుకొని బడికి పోవును; మధ్యాహ్నమునకు గోలీలాడుచుండును. అందువలన ఎవరికిని అనుమానము రాదు. "పిల్లాడికి దిష్టి తగిలిందే అమ్మాయీ, ఎండు మిరపకాయలు ఉప్పుతో తిప్పి పొయ్యిలో వెయ్యి," అని అత్తగారనును. కోడలు అట్లే చేయును. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు పైత్యమని ఒక సూదిమందు వేయును. పక్షము గడచును. పిల్లవాడు నడచునపుడు ఒకప్రక్కకు తూలుట, పలకపై అక్షరము వంకరపోవుట, చూపు మెల్లగా మాఱుట కనబడును. కంటివైద్యుని యొద్దకు పోవుదురు. తలవెనుక భాగములో పెరిగిన గడ్డ మెదడులోని నీరు పాఱు మార్గమును అడ్డగించుటచేత, రాత్రియంతయు పడుకొనియున్న బిడ్డ తలలో ఒత్తిడి హెచ్చి, ప్రొద్దుట వాంతిరూపమున బయటపడుచున్నదని తెలియుటకు గుంటూరు కొత్తపేటలోని స్కాను యంత్రము వఱకు పోవలసియుండును. ఒక్కొక్క యింట అంతలో రెండు మూడు నెలలు గడచిపోవును.

పిమ్మట జరుగు పరుగులు మనవారందఱు ఎఱిగినవే. వెల్లూరు రైలు, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి, బసవతారకం ఆసుపత్రి, ఆపరేషను, అటుపై ఆఱువారముల రేడియేషను. బిడ్డను మోసికొని తల్లి నగరములో గది అద్దెకు తీసికొని యుండగా, తండ్రి ఊరిలో కౌలుచేను విడువలేక, రాత్రి బస్సులో పోయి తెల్లవారి బస్సులో తిరిగి వచ్చుచుండును. కళ్లములో మిరపకాయ ఎండుచుండగనే, ధర కుదురువఱకు ఆగక, కోల్డు స్టోరేజీలో పెట్టు యోచన మాని, వచ్చినదే చాలునని యార్డుకు తోలుకొనిపోవు రైతును చూచినచో, ఆ యింట ఎవరో ఆసుపత్రిలో నున్నారని తోటి రైతులు చెప్పకయే గ్రహింతురు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందఱినో అప్పులపాలు కాకుండ కాచినది. దానికి లోబడని వ్యయములకు ఊరు చేయి చాచును. బడిపిల్లలు డబ్బాలు పట్టుకొని తిరుగుదురు. యువజనసంఘములవారు ఫోనులలో బిడ్డ ఫొటో పంపుదురు. ముక్కుమొగము తెలియనివారు దుబాయినుండియు డాలసునుండియు ధనము పంపుదురు. ఈ ఔదార్యమును తక్కువచేసి పలుకు అధికారము ఎవరికిని లేదు. దానివలన బ్రదికిన బిడ్డలు మన మధ్య తిరుగుచున్నారు.

అయినను ఆ దానమంతయు నేడు తెలిసిన చికిత్సను ఒక బిడ్డకు అందించుటతో ముగియును. తెలిసిన చికిత్సయే లేని గడ్డ వచ్చినప్పుడు ఆ డబ్బు ఏమి కొనగలదు?

అట్టి గడ్డ ఒకటి కలదు. మెదడు వెన్నుపాముతో కలియు కాండములో, శ్వాసను, మ్రింగుటను, చూపును నడపు నరములు కిక్కిరిసిన తావున, ఆ నరముల పోగులలోనే అల్లుకొని పెరుగును గనుక, ఎంత నేర్పరియైన శస్త్రవైద్యుడును దానిని కోసి తీయజాలడు. వైద్యులు దానిని డి.ఐ.పి.జి. అందురు. రేడియేషను ఇచ్చినచో కొన్ని నెలలు తేరుకొందురు. పెక్కుమంది బిడ్డలు ఏడాది తిరుగకమునుపే పోవుదురు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతుల రెండేండ్ల కుమార్తె 1962 జనవరిలో ఈ వ్యాధితోనే మరణించినది. ఆమెకు నాడు చేసినది రేడియేషను, తరువాత అర్ధశతాబ్దమునకు పుట్టిన బిడ్డలకును ముఖ్యముగా చేయగలిగినది రేడియేషనే. పెద్దల మెదడు గడ్డలకు వాడు టెమోజోలమైడ్ అను మాత్రను ఈ బిడ్డలకును ఇచ్చి చూచినారు. పొన్నూరు ప్రాంతపు గొల్లమూడిపాడునుండి పోయిన నన్నపనేని వెంకయ్యచౌదరిగారు స్థాపించిన నాట్కో సంస్థ ఆ మందును మనదేశములోనే తయారుచేసి అమ్ముచున్నది; మందు లభ్యతకు లోపము లేదు. ఉన్న లోపమంతయు ఆ మందు ఈ బిడ్డల ఆయుర్దాయమును పెంచకపోవుటలో నున్నది. అందుకు కారణము 2012లో గాని బయటపడలేదు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమువారును, అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రివారును వేఱువేఱుగా పరిశీలించి, ఈ గడ్డలలో అధికభాగమున హిస్టోను అను ప్రోటీనుకు సంబంధించిన జన్యువులో ఒకేచోట మార్పు వచ్చియుండుటను కనుగొన్నారు. పెద్దల గడ్డకు పేరులో పోలికయే గాని స్వభావములో పోలిక లేదని అప్పుడు తేలినది. పిల్లల వ్యాధికి పిల్లల వ్యాధినే పరిశోధింపవలెను. పెద్దలకై కనుగొన్నదానిని పాలు తగ్గించి ఇచ్చినచో సరిపోదు.

ఆ పరిశోధనకు కావలసిన కణజాలము ఎక్కడనుండి వచ్చినదో చెప్పుటకు మనస్సు రాదు గాని చెప్పితీరవలెను. బ్రదికియున్న బిడ్డ మెదడు కాండమును తాకుటకు వైద్యులు చిరకాలము వెనుదీసినారు. బిడ్డ కన్నుమూసిన గంటలలోనే, దుఃఖముతో మాటరాని స్థితిలో నున్న తల్లిదండ్రులు, గడ్డను మీరు తీసికొని చదువుడని అనుమతి ఇచ్చినారు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో మిషెల్ మోంజె అను వైద్యురాలు 2009లో అట్లు లభించిన కణజాలమును ప్రయోగశాలలో పెంచగలిగినది; ఆ కణములు దేశదేశముల పరిశోధకులకు చేరినవి. ఆ దారినే పోయి, రోగి రక్తములోని కణములను మార్చి గడ్డపై ప్రయోగించు పద్ధతిని స్టాన్‌ఫర్డువారు పరీక్షించి, కొందఱు రోగులలో గడ్డ బాగుగా క్రుంగినట్లు 2024లో ప్రకటించినారు. 2025 ఆగస్టులో డోర్డావిప్రోన్ అను మందునకు, ఈ జన్యుమార్పు గల గడ్డలు చికిత్స తరువాత మరల పెరిగినప్పుడు వాడుటకై, అమెరికా ఔషధనియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చినది. ఇవి వ్యాధిని నయముచేసినవని అనరాదు. తమ బిడ్డకు ఏమాత్రము పనికిరాదని తెలిసియు అనుమతి పత్రముపై సంతకముచేసిన తల్లిదండ్రుల వలన ఇంతవఱకైన రాగలిగినాము.

ఇక యల్లాప్రగడ సుబ్బారావుగారి మాట. 1895 జనవరి 12న భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరములో చదివి, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టమునకు బదులు దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిన మనిషి ఆయన. తోబుట్టువులలో ఇద్దఱు కొద్దిదినముల యెడముతో సంగ్రహణివ్యాధి వాతబడగా, మందు కనుగొనవలెనను పట్టుదల ఆయనకు అప్పుడే నాటుకొన్నది. 1922 అక్టోబరులో ఆయన బోస్టనులో దిగుటకు కావలసిన ధనములో మామగారిచ్చినది కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ ఇచ్చినది కొంత. ఈ రెండవ అంశముపై నేను ఒక్కక్షణము నిలువకుండ ముందుకు పోలేను. తెలుగునేలమీది ఒక ధర్మనిధి, ఏ ఫలము వచ్చునో తెలియని ఒక యువకుని జిజ్ఞాసపై ధనము పెట్టినది. బోస్టనులో ఆయన రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలెత్తు పని చేసి, పగళ్లు చదివినాడు.

1940లో లెడర్లి ప్రయోగశాలలకు మాఱిన పిదప, సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు మార్గము కుదిరినది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో శవపరీక్షలు చేయు వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సరు బిడ్డలకు ఆ కోవకు చెందిన పదార్థములనిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మాఱుగా వేగము పుంజుకొన్నట్లు తోచినది. పుష్టినిచ్చునది వ్యాధిని పెంచినచో, దానిని అడ్డుకొనునది వ్యాధిని అణచవలెను గదా యని ఆయన ఊహ. ఆ అడ్డుకొను పదార్థమును, అమైనోప్టెరిన్‌ను, సుబ్బారావుగారి ప్రయోగశాల అందించినది. 1948 జూన్ 3న ఫార్బర్ ప్రకటించిన వ్యాసములో, తీవ్రస్థితిలో నున్న 16 మంది బిడ్డలకు మందు ఇవ్వగా 10 మందిలో గుణము కనబడినట్లున్నది. ఆ గుణము తాత్కాలికమే. అయినను చిన్నపిల్లల రక్తకాన్సరుపై ఒక మందు పనిచేయుట లోకము అప్పుడే మొదటిసారి చూచినది. ఆ యేడు ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే పరమపదించినారు.

వ్యాసమునకు పండ్రెండు దినముల ముందు, మే 22న, ఫార్బర్ చికిత్సలోనున్న పండ్రెండేండ్ల బాలుడొకడు ఆసుపత్రి మంచముమీదనుండి రేడియోలో దేశముతో మాటాడినాడు. అతని అసలు పేరు దాచి జిమ్మీ అన్నారు. అతనికి ప్రియమైన బేస్‌బాల్ జట్టువారు ఒక్కొక్కరే గదిలోనికి రాగా బాలుడు పొంగిపోయిన తీరు వినినవారందఱు చందాలు పంపినారు. రెండులక్షల డాలర్లకు మించి వచ్చినవి. జిమ్మీ ఫండ్ అట్లు వెలసినది. ఆ బాలుడు, అయినార్ గుస్తాఫ్‌సన్, వ్యాధినుండి బయటపడి, లారీ తోలుకొని బ్రదికి, 65 ఏండ్లు జీవించినాడు. సైకిలు యాత్ర చందా నేటికిని జిమ్మీ ఫండ్ ద్వారముననే, ఫార్బర్ పేరు గల డేనా-ఫార్బర్ సంస్థకు చేరుచున్నది.

ఆ యాత్రలో నన్ను మిక్కిలి ఆకట్టుకొన్న ఏర్పాటొకటి కలదు. త్రొక్కు జట్లకు జిమ్మీ ఫండ్ చికిత్సాలయములోని బిడ్డలను జతకూర్తురు. త్రొక్కువాడు ఏ బిడ్డ పేర త్రొక్కుచున్నాడో ఆ బిడ్డ ముఖమును ఎఱుగును. దారి ప్రక్కన ఆ బిడ్డల చిత్రపటములు వరుసగా నిలిపియుందురు. నడువగలిగినవారు తల్లిదండ్రులతో వచ్చి నిలిచి చేతులూపుదురు. బిడ్డ పోయిన తరువాతను ఆ పేరనే ఏటేటా త్రొక్కు జట్లు కలవు. మొదట పొరుగువాడు త్రొక్కును, పిమ్మట మేనమామ త్రొక్కును, కొన్నేండ్లకు తండ్రియే సైకిలెక్కును. ధనము విషయములోను వారొక నియమము పెట్టుకొన్నారు: త్రొక్కువారు తెచ్చిన చందాలో 2007నుండి నూటికి నూఱు పరిశోధనకును చికిత్సకును పోవును, నిర్వహణవ్యయములను ప్రవేశరుసుమునుండియు, వ్యాపారసంస్థల విరాళములనుండియు వేఱుగా భరింతురు. చందా ఇచ్చినవాని నమ్మకము ఇట్టి నియమముమీదనే నిలుచును.

ఇట్టి పరిశోధనల ఫలము పిల్లల తలలోని గడ్డలవఱకు చేరినదా యని అడుగువారుందురు. రెండు సంగతులు చెప్పెదను. సుబ్బారావుగారి ప్రయోగశాలలోనే అమైనోప్టెరిన్ తరువాత మెథోట్రెక్సేట్ పుట్టినది. తలవెనుక భాగములో వచ్చు మెడుల్లోబ్లాస్టోమా అను గడ్డకు రేడియేషను బాగుగ పనిచేయును గాని, మూడేండ్లు నిండని పసిమెదడుపై దానిని ప్రసరింపజేసినచో బుద్ధియు ఎదుగుదలయు కుంటుపడును. జర్మనీ వైద్యులు అట్టి 43 మంది పసివారికి రేడియేషను మాని, మెథోట్రెక్సేట్‌ను మెదడులోని నీటి గదులలోనికే ఎక్కించుచు ఇతర మందులతో చికిత్సచేసి, 2005లో ఫలితములు వెల్లడించినారు. గడ్డ పూర్తిగా తీసివేయబడి, ఇతరత్ర ప్రాకని బిడ్డలలో అయిదేండ్లకు 93 శాతము సజీవులై యున్నారు. భీమవరమున పుట్టినవాని ప్రయోగశాలలోని మందు, ఆయన పోయిన 57 ఏండ్లకు, పసిపిల్లల తలను రేడియేషనునుండి కాపాడినది. రెండవది, పిల్లల మెదడు గడ్డలలో మిక్కిలి తఱచుగా వచ్చు నిదానపు రకమును గుఱించినది. ఈ గడ్డ వెంటనే చంపదు. ఏండ్లతరబడి ఆపరేషనులతోను, చూపు తగ్గుటతోను బాధించును. ఆ బిడ్డల తల్లిదండ్రులు కొందఱు కూడి సంస్థలు పెట్టి, ధనము ప్రోగుచేసి, 2007లో డేనా-ఫార్బర్‌లో దీనికొక ప్రత్యేక పరిశోధనశాఖ ఏర్పడుటకు కారకులైనారు. ఆ బిడ్డలలో పెక్కుమందికి ఒకే జన్యువులో లోపమున్నట్లు పరిశోధకులు గ్రహించినారు; ఆ లోపముపై పనిచేయు టోవొరాఫెనిబ్ అను మందును పిల్లలలో తొలిసారి పరీక్షించు పనికి డేనా-ఫార్బర్ వైద్యురాలు నాయకత్వము వహించినది; 2024 ఏప్రిల్ 23న దానికి అనుమతి లభించినది. పదిహేడేండ్లు పట్టినది. మొదట ధనమిచ్చిన కుటుంబముల బిడ్డలు అప్పటికి పెద్దవారైయుందురు, కొందఱు లేకయుందురు.

సైకిలే ఎందుకను ప్రశ్నకు నేను దీర్ఘముగా ఆలోచించినను ఒక్కటే సమాధానము తోచుచున్నది. రోగబిడ్డ తండ్రికి ఆసుపత్రి వరండాలో కూర్చుండుట తప్ప చేయుటకు పనియుండదు. వైద్యుడు చేయును, నర్సు చేయును, తల్లి చేయును, అతడు కూర్చుండును. ఆ చేతకానితనము మనిషిని లోలోపల తినివేయును. కాళ్లకు పని కల్పించి, ప్రతి కిలోమీటరును ఎదుటివానికి చూపగల లెక్కగా మార్చు సాధనము సైకిలు. పైగా అది ధనవంతుని వస్తువు కాదు. ఆస్ట్రేలియాలో 2013లో మొదలై, పిమ్మట అమెరికా, కెనడాలకు ప్రాకిన గ్రేట్ సైకిల్ చాలెంజ్ అను కార్యక్రమములో యాత్రయే అక్కఱలేదు. ఎవరి వీధిలో వారే ఒక నెల త్రొక్కి, ఇన్ని కిలోమీటర్లకు ఇంతయని పిల్లల కాన్సరు పరిశోధనకు చందా కూర్తురు. మన పల్లెలోని తొమ్మిదవ తరగతి బాలికయు అట్లు త్రొక్కగలదు.

దానము చేయుట మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించినప్పుడు, మన తల్లులు గాజులు తీసి ఇచ్చినారు. మఱుసటియేట పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు నిరాకరించి, జప్తులను ఓర్చుకొన్నారు. స్వరాజ్యమును తామే కన్నులార చూతుమని వారిలో ఎందఱు నమ్మియుందురు? ఇటీవలి కాలమున గుంటూరు ప్రభుత్వాసుపత్రికి పొదిల ప్రసాదుగారి పేర నున్న సూపర్ స్పెషాలిటీ భవనము, నాట్కో ట్రస్టువారి కాన్సరు విభాగము వచ్చినవి; తల్లీబిడ్డల విభాగమునకు అమెరికాలోని గుంటూరు వైద్యకళాశాల పూర్వవిద్యార్థులు ధనము కూర్చినారు. ఇవి చిరస్మరణీయములైన దానములు. అయితే భవనమునకు శిలాఫలకముండును. మందునకు ధర యుండును. పరిశోధనకు చూపుటకేమియు నుండదు. పదిలో తొమ్మిది ప్రయత్నములు విఫలములగును. చందా అడుగువాడు ఇంటిముందు నిలిచి, ఇది దేనికి పనికివచ్చునో పదేండ్లకు గాని తెలియదని చెప్పవలసివచ్చును.

ఈ మాట వినినప్పుడు మిరపరైతు నవ్వడని నా నమ్మకము. గుంటూరు చెంత లాం ఫారములో ఏండ్లతరబడి వరుసలు వరుసలుగా మొక్కలు పెంచి, ఎండినదానిని పెఱికి వేరు చీల్చి చూచి, నిలిచినదాని గింజను దాచి, మరల విత్తి, మరల పెఱికి, కడపట ఎల్.సి.ఎ. 334 వంటి రకమును చేతికిచ్చినవారిని అతడెఱుగును. ఎండిన మొక్కయు పనిచేసినదేనని అతనికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

పరిశోధనయనగానే కోట్ల వ్యయమగు యంత్రములే కావలెనని భయపడనక్కఱలేదు. మన సీమకే చెందిన ప్రశ్నలు కొన్ని యున్నవి. వాటిని బోస్టనువారు మనకొఱకు అడుగరు. మొదటి వాంతినుండి స్కానువఱకు మన బిడ్డలకు ఎన్ని దినములు పట్టుచున్నవి? ఆలస్యము ఎవరి గుమ్మమువద్ద జరుగుచున్నది? రేడియేషను సగములో మాని ఇంటికి తిరిగివచ్చు కుటుంబములు ఏ వారములో, ఏ కారణముచేత తిరిగివచ్చుచున్నవి? సంపన్నదేశములలో కాన్సరు వచ్చిన బిడ్డలు నూటికి ఎనుబదిమందికి పైగా బ్రదుకుచుండగా, పేదదేశములు పెక్కింట ముప్పదిమందియైన బ్రదుకుట లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ వ్యత్యాసములో పెద్దపాలు ఆలస్యమునకును, సగములో మానుటకును చెందినదే. ఒక నర్సును, ఒక సామాజిక కార్యకర్తను నియమించి, మూడేండ్లు ఇంటింటికి తిప్పి లెక్కవ్రాయించినను అది పరిశోధనయే.

అన్నిటికంటె గట్టి ప్రశ్న మఱియొకటి. పత్తికిని మిరపకును మనము కొట్టుచున్నన్ని పురుగుమందులు కొట్టు నేలలు దేశములో బహుకొద్ది. తైవాను పంపు భుజమునుండి దించి, మందు తడిసిన లుంగీతోనే బిడ్డనెత్తుకొను తండ్రిని చూడని వీధి మన పల్లెలలో లేదు. మిగిలిన మందు డబ్బా వంటయింటి అటకమీదనే యుండును. తల్లిదండ్రులకు పురుగుమందుల సోకుడు కలిగినచోట పిల్లల మెదడు గడ్డలు కొంత హెచ్చుగా కనబడినట్లు ఇతరదేశముల పరిశీలనలు కొన్ని చెప్పినవి. కారణము ఇదియేయని అవి తేల్చలేదు. అనవసరముగా ఎవరిని భయపెట్టుటయు నా ఉద్దేశము కాదు. కాని స్కాను చూపించుకొని వచ్చిన ప్రతి తండ్రియు, మందు కొట్టినందువలననే వచ్చినదా డాక్టరుగారూ, అని అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఆధారముతో చెప్పుటకు, ఊరూర కాన్సరు లెక్క వ్రాయు రిజిస్ట్రీయు, దానిని ఏండ్లతరబడి కదలక నడపు ధనమును కావలెను. తనవలననే బిడ్డకు కీడు మూడినదేమో యను శంకతో బ్రదుకు తండ్రికి సమాధానము చెప్పుట మన బాధ్యత.

కనుక నా ప్రతిపాదన ఇది. జాతీయరహదారి మీద లారీల వేగములో సైకిలు యాత్ర వలదు. గుంటూరునుండి ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు మీదుగా ఒంగోలు చేరు పల్లెదారులు కలవు. సుమారు నూఱు కిలోమీటర్ల ఆ దారిని, నడుమ ఒక రాత్రి ఏ జిల్లాపరిషత్తు పాఠశాలలోనో పండుకొని, రెండు దినములలో పడుచువారు సులభముగా త్రొక్కగలరు. ముసలివారు తమ ఊరి పొలిమేరనుండి పొరుగూరి పొలిమేరవఱకు త్రొక్కిన చాలును. బిడ్డల ఫొటోలు తల్లిదండ్రుల సమ్మతిలేనిదే ఎక్కడను అంటింపరాదు. బిడ్డ పేరు లేకున్నను బిడ్డ వయస్సు చెప్పిన చాలును. త్రొక్కువారి తిండిఖర్చునకు చందాలోనుండి పైసాయైన తీయరాదు. ఆ భారమును దారిలోని ఊళ్లు పంచుకొనవలెను. వచ్చినదెంతయో, ఏ వైద్యకళాశాలలోని ఏ పరిశీలనకు ఎంత ఇచ్చితిమో, ఆ పరిశీలనలో ఏమి తెలిసినదో, తెలియనిచో తెలియలేదనియు, ఏటేటా పంచాయతీ కార్యాలయము గోడమీద తెలుగులో వ్రాసి అంటింపవలెను.

1980లో మసాచుసెట్సులో మొదటిసారి బయలుదేరినవారు 36 మంది. వారు కూర్చినది 10,200 డాలర్లు. సంక్రాంతికి హైదరాబాదునుండియు, బెంగుళూరునుండియు, అమెరికానుండియు మన ఊళ్లకు చేరినవారు కనుమ మఱునాడుగూడ ఇంకను ఊళ్లలోనే యుందురు. అప్పటికి పత్తి చాలవఱకు ఇల్లు చేరియుండును, చలి ఇంకను విడువదు, దారులు పొడిగా నుండును. యాత్ర ఆ వారములోనే పెట్టుకొనవలెను.